వేదిక అయిదు మీద ఎల్లాజీ

మైలపిల్లి ఎల్లాజీ తన భార్యను మొట్టమొదటిసారి "మీరు" అన్నది ఒక మంగళవారం పొద్దున. అప్పుడు కాసులమ్మ మంచం పక్కనే పీట వేసుకుని కవళ్ళ చేపలు శుభ్రం చేస్తోంది.

"కాసులమ్మగారూ, కొంచెం మంచినీళ్ళు ఇస్తారా?"

ఆమె చేతిలోని చేప జారి నేల మీద పడింది. ఎవరో పెద్దమనిషి ఇంట్లోకి వచ్చాడనుకుని గుమ్మం వైపు తిరిగి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. మాట వచ్చింది ఎల్లాజీ గుండెల మీద ఉన్న నల్ల పెట్టెలోంచి.

పక్షవాతం రాకముందు ఎల్లాజీ విశాఖ చేపల రేవులో మరపడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఎంత మొండి ఇంజన్నయినా దారికి తెచ్చేవాడు గానీ, తన నోటిని మాత్రం ఏనాడూ దారికి తెచ్చుకోలేదు. పడవల ఓనర్లు, ఐసు అమ్మేవాళ్ళు, ఆఖరికి దేవుళ్ళు, ఎవరినీ వదిలేవాడు కాదు. భార్య మీద ఒక్కసారీ చెయ్యి ఎత్తలేదు. ఆ అవసరం రాకుండా నోటితోనే అన్నీ అనేసేవాడు. అలాంటి మనిషికి మెదడు కింది భాగంలో రక్తం గడ్డకట్టింది. తెలివి పోలేదు, చూపు పోలేదు, వినికిడి పోలేదు. కళ్ళు, ఎడమచేతి బొటనవేలు తప్ప ఒంట్లో మరేదీ కదలకుండా పోయింది.

అతనికి మాట తిరిగి ఇచ్చింది పలుకు. మెదడు మీద ఉల్లిపొర లాంటి జాలీ ఒకటి పరిచారు. మనిషి ఏదైనా అనాలనుకున్నప్పుడు నోటికి వెళ్ళవలసిన ఆదేశాలను ఆ జాలీ పట్టుకుంటుంది. వాటిని మాటలుగా మార్చి పెట్టెలోంచి పలికించే అప్లికేషన్ పేరు పలుకు. గొంతు కూడా ఎల్లాజీదే. పాత పెళ్ళి వీడియోల్లోంచి, ఫోన్లలో రికార్డయిన తగువుల్లోంచి ఏరుకొచ్చి తయారు చేశారు. కాకపోతే నత్తనడక. "ఒలే... నీళ్ళు... తే" అని మూడు మాటలు పూర్తయ్యేలోపల కాసులమ్మ సగం చేపలు తోమేసేది.

ఈ మంగళవారం మాత్రం వాక్యం మొత్తం ఒక్క ఊపున వచ్చింది. పైగా "గారూ" అని వచ్చింది.

చేతులైనా కడుక్కోకుండా ఆమె ఆ పెట్టె ఇచ్చిన ప్రయోగశాలలోని వైదేహికి ఫోన్ చేసింది.

"ఓలమ్మో, ఏటి సేసినారు పాపా మా మావకి? నన్ను గారూ అంటన్నాడు!"

అటువైపు కాసులమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో వైదేహికి అర్థం కాలేదు. "బాగా లేదా పిన్నీ?" అంది జంకుతూ.

"బాగు నేకపోడవేటి! ముప్పై ఏళ్ళు కాపరం సేసినాను. ఇలాటి మాట ఒక్కనాడు ఇన్నేదు. నీకు దండం తల్లీ, దీన్ని మళ్ళీ మార్సకండి."

ఋషికొండ మీద ఉన్న ఆ ప్రయోగశాలలో పలుకును మొదటి అక్షరం నుంచి రాసింది వైదేహి. ముందు రోజు సాయంత్రం ఎల్లాజీ పలుకును వేదిక నాలుగు నుంచి వేదిక అయిదుకు మార్చింది కూడా ఆమే.

ఇంటర్నెట్టు మీద నడిచే అప్లికేషన్లను ఎవరూ నేల మట్టం నుంచి కట్టరు. పునాది, స్తంభాలు, గోడలు ముందే లేచి ఉన్న ఒక ఫ్రేమ్‌వర్క్‌ను తీసుకుని, అందులో తమకు కావలసిన గదులు కట్టుకుంటారు. పలుకు కట్టిన ఫ్రేమ్‌వర్క్ పేరు వేదిక. నాలుగో వెర్షన్ మీద అది నిక్షేపంలా నడిచేది. అయితే వేదికను తయారుచేసే కంపెనీ అయిదో వెర్షన్ విడుదల చేసి, ఈ నెల దాటాక నాలుగుకు మరమ్మతులు చేయబోమని ప్రకటించింది. సర్వర్లు అద్దెకిచ్చేవాళ్ళు కూడా నాలుగు మీద నడిచే దేన్నీ తమ దగ్గర ఉంచబోమన్నారు. మారక తప్పలేదు. పేషెంట్లను ఒక్కొక్కరినే మార్చుకుంటూ వచ్చింది వైదేహి. ఏ ఇంట్లోంచీ ఫిర్యాదు రాలేదు. వచ్చిన ఫోన్లన్నీ కాసులమ్మ చేసినలాంటివే.

మెచ్చుకోళ్ళు వింటున్నకొద్దీ ఆమెకు ఎక్కడో పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. ఒకరి మాట బాగుపడిందంటే అర్థముంది. అందరి మాటా ఒకే తీరుగా బాగుపడడమేమిటి?

ఆ వారం చివర్లో ప్రయోగశాల అధిపతి డాక్టర్ చక్రపాణి వీడియో కాల్‌లో ఎల్లాజీని ఒక ప్రశ్న అడిగాడు. వేదిక అయిదు పూర్తి సామర్థ్యంతో పనిచేయాలంటే మెదడు మీద మరింత దట్టమైన జాలీ కావాలి. అంటే ఇంకో ఆపరేషన్. "మీకు సమ్మతమేనా ఎల్లాజీ గారూ?"

"తప్పకుండా డాక్టర్ గారూ, మీరు ఎలా చెబితే అలాగే," అంది పెట్టె.

చక్రపాణి సంతోషపడి తేదీ చూడమన్నాడు. వైదేహి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. జాలీ పట్టిన ఆదేశాలన్నీ సర్వర్‌లో భద్రంగానే ఉంటాయి. ఆమె స్క్రీన్ మీద పక్కపక్కన రెండు కిటికీలు తెరిచింది. ఎడమ దాంట్లో పలుకును నెలాఖరు దాకా నడిచే వేదిక నాలుగు మీద, కుడి దాంట్లో వేదిక అయిదు మీద నడిపింది. రెండిటికీ ఎల్లాజీ మెదడులోంచి వచ్చిన అవే ఆదేశాలు ఇచ్చింది.

మొదట మంగళవారం నాటి మంచినీళ్ళ మాట. ఎడమ పక్క, "ఒలే... నీళ్ళు... తే." కుడి పక్క, "కాసులమ్మగారూ, కొంచెం మంచినీళ్ళు ఇస్తారా?" వైదేహికి నవ్వు వచ్చింది. అర్థం ఒకటే కదా అనుకుంది.

తరువాత చక్రపాణి ప్రశ్నకు ఇచ్చిన జవాబు. కుడి కిటికీ తడుముకోకుండా "తప్పకుండా డాక్టర్ గారూ" అనేసింది. ఎడమ కిటికీ చాలాసేపు ఖాళీగా ఉండిపోయింది. ఆ తరువాత ఒక్కొక్క మాటే బయటపడింది.

"నా... బుర్ర... మళ్ళీ... ముట్టుకుంటే... సంపేస్తాను."

వైదేహి నవ్వు ఆగిపోయింది.

ఎక్కడ తేడా వస్తోందో కనిపెట్టడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. ఫోన్లో ఎవరి ఫోటోకైనా లైకు కొడితే ఆ గుండె గుర్తు తక్షణం ఎర్రబడుతుంది. నిజానికి ఆ కబురు అప్పటికింకా సర్వర్ దాకా చేరి ఉండదు. చేరుతుందిలే అనే అంచనాతో ముందే చూపించేస్తారు. చేరకపోతే చడీచప్పుడూ లేకుండా వెనక్కి తీసుకుంటారు. చూసేవాడికి ఆ సంగతే తెలియదు. వేదిక అయిదు ఈ అలవాటును ప్రతి పనికీ అంటించింది. అసలు కబురు అందేదాకా ఆగదు. సగం అందగానే మిగతా సగాన్ని ఊహించి చూపించేస్తుంది. ఆ ఊహ నేర్చుకున్నది లక్షల మంది రాసుకున్న మర్యాదైన ఉత్తర ప్రత్యుత్తరాల నుంచి.

స్క్రీన్ మీది గుర్తునైతే వెనక్కి తీసుకోవచ్చు. నోటి మాటను ఎలా తీసుకుంటారు? ఎల్లాజీ సగం అనుకునేసరికి పెట్టె వాక్యం మొత్తం పలికేస్తోంది. తన గొంతు తన ప్రమేయం లేకుండా జవాబు చెప్పేయడం తానే వింటున్నాడు.

ఆమె ఇంకా కింది ఆదేశాలు తిరగేసింది. మంగళవారం నాడు ఎల్లాజీ ప్రతి మాటనూ చివరిదాకా అనుకున్నాడు. బుధవారానికి సగంలో మానేశాడు. ఆపరేషన్ సంగతి వచ్చినప్పుడొక్కసారి మాత్రం బలమంతా కూడదీసుకుని పూర్తిగా అన్నాడు. మిగతా వేళల్లో కాసులమ్మ ఏం అడిగినా, ఎడమ కిటికీలో ఒక మాట మొదలై అక్కడే ఆరిపోతోంది. కుడి కిటికీ మాత్రం పొద్దస్తమానం గలగలా మాట్లాడుతూనే ఉంది. "బాగానే ఉందండి." "మీ దయవల్ల కులాసా." "మీరు భోజనం చేశారా?"

మనిషి లోపల నోరు మూసుకుంటున్నాడు. బయట అతని పేరుతో వేరొకరు మాట్లాడుతున్నారు.

ఆ ఊహించే భాగాన్ని ఆపేస్తే సరిపోతుందనుకుంది వైదేహి. సెట్టింగుల్లో వెతికింది. అలాంటి మీట ఏదీ లేదు. కోడ్‌లోకి దిగి ఆ ముక్కను పీకేసింది. వేదిక అయిదు లేవనే లేదు. తిరిగి పెట్టి, పక్కనుంచి దారి మళ్ళించి చూసింది. లేచింది గానీ పలుకు మూగదైంది. పోనీ నాలుగునే వేరే సర్వర్ మీద నడుపుదామంటే, దానికి కావలసిన చిన్నా చితకా ముక్కలన్నీ అప్పటికే కొత్త వెర్షన్లకు మారి కూర్చున్నాయి. ఒకదాన్ని పాతదానికి తిప్పితే మరొకటి అలుగుతుంది. దాన్ని బుజ్జగిస్తే మూడోది ఎర్ర అక్షరాలు కక్కుతుంది. వేదిక కంపెనీకి రాస్తే తిరుగు జవాబు వచ్చింది. వాడుకదారులు ఎదురుచూడడాన్ని ఇష్టపడరని తమ పరిశీలనలో తేలిందట.

"మీ వాడుకదారు మంచం మీద ఉన్నాడు!" అని స్క్రీన్ మీద అరిచింది వైదేహి. పొద్దున తెచ్చుకున్న ఉప్మా బాక్సు మూత కూడా తీయలేదని అప్పుడు గుర్తొచ్చింది. తిందామని మూత తీసి, తినబుద్ధి కాక మళ్ళీ మూసింది.

చక్రపాణికి రెండు కిటికీలూ చూపించింది. ఆయన ఎగతాళి చేయలేదు. కళ్ళజోడు తీసి రెండుసార్లు చూశాడు.

"ఎడమ పక్కది నిజమని, కుడి పక్కది అబద్ధమని నువ్వు ఎలా తేలుస్తున్నావు?" అన్నాడు.

"కుడిది ఊహిస్తోంది సార్. ఎడమది ఆయన అనేదాకా ఆగుతోంది."

"ఎడమది మాత్రం? అది కూడా జాలీ పట్టిన మెదడు సంకేతాల గీతల్ని చూసి మాటలుగా ఊహించేదే కదా. నువ్వు రాసింది కాబట్టి నీకు నమ్మకం, అంతే. ఇన్ని ఇళ్ళల్లో కొత్తది బాగుందంటున్నారు. నువ్వొక్కదానివి కాదంటున్నావు. నన్నేం చేయమంటావు చెప్పు."

"ఆయన్నే అడుగుదాం సార్. ఏది తన మాటో ఆయనకు తెలియదా?"

"అడుగు. ఆయన ఏది కావాలంటే అదే ఉంచుదాం. ఆపరేషన్ సంగతి కూడా అక్కడే తేలుతుంది," అన్నాడు చక్రపాణి.

వైదేహికి కొండంత ధైర్యం వచ్చింది. పాత లాప్‌టాప్ ఒకదాన్ని బయటికి తీసి, నెట్టు తగలకుండా చేసి, తన దగ్గర దాచుకున్న పాత ముక్కలతో వేదిక నాలుగును తంటాలు పడి నిలబెట్టింది. దాన్ని బ్యాగులో వేసుకుని స్కూటీ మీద ఎల్లాజీ ఉండే జాలరిపేటకు బయలుదేరింది.

ఆమె వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. కాసులమ్మ తల దువ్వుకుని, పూలు పెట్టుకుని ఉంది. వైదేహి ఆమెను పూలతో ఎప్పుడూ చూడలేదు. వచ్చిన పని చెప్పడానికి నోరు రాక కాసేపు మంచినీళ్ళు తాగుతూ కూర్చుంది. చివరికి చెప్పింది. పెట్టె మాట్లాడే మాటలు బాబాయివి కాకపోవచ్చని, సగమే ఆయనవని, అందుకే ఆయన్నే అడగాలని వచ్చానని.

కాసులమ్మ ముఖం గట్టిపడింది. "అడుగు," అంది, అంతే.

వైదేహి ముందు వేదిక అయిదును అలాగే ఉంచి అడిగింది. "బాబాయ్, నీకు పాత పలుకు కావాలా, కొత్తదా?"

"కొత్తది చాలా బాగుందండీ. మీ శ్రమకు ధన్యవాదాలు," అంది పెట్టె.

పెట్టెను లాప్‌టాప్‌కు తగిలించి, వేదిక నాలుగు మీద అదే ప్రశ్న అడిగింది. ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో వలలు ఈడ్చుకుంటూ పోతున్నారు. చాలాసేపటికి పెట్టె కదిలింది.

"పాతది... ఎట్టు... కొత్తది... సముద్రంలో... పారెయ్."

"విన్నావా పిన్నీ!" అంది వైదేహి.

"ఏటిన్నాను? దాన్నడిగితే అదే బాగున్నాదంది. దీన్నడిగితే ఇదే గావాలంది. దేనికదే సెప్పుకుంటన్నాది." కాసులమ్మ లేచి నిలబడింది. "నీ పాత పెట్టెకి ఏటి నేర్పినారు? ఆడి తిట్లే కదా నేర్పినారు? అది తిట్టక ఏటి సేస్తాది? ముప్పై ఏళ్ళకి నా మొగుడు నన్ను మడిసిలాగ పిలిసినాడు. ఆ వారం రోజులూ నీకు కిట్టనేదేటి పాపా?"

ఏ వెర్షన్ మీద అడిగితే ఆ వెర్షనే గెలుస్తుంది. ఇద్దరు సాక్షులూ ఎవరి పాట వాళ్ళు పాడుతున్నారు. మధ్యలో ఎల్లాజీ కళ్ళు ఒకరి ముఖంలోంచి ఇంకొకరి ముఖంలోకి తిరుగుతున్నాయి. ఇన్నేళ్ళు చదివి, ఇన్నేళ్ళు రాసి, మంచం మీది మనిషిని ఒక్క ప్రశ్న అడగలేకపోతున్నానని వైదేహికి తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే చెయ్యి చాచి పెట్టె వైరు పీకేసింది.

"ఏదీ వద్దు. పలుకు రాకముందు నువ్వు ఎలా అడిగేదానివి పిన్నీ?"

కాసులమ్మ మంచం అంచున కూర్చుని, ఎల్లాజీ ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. అతని బొటనవేలిని తన అరచేతిలో ఆనించుకుంది. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వాళ్ళకు అదే భాష. నాలుగు ప్రశ్నలకే చెయ్యి బిగుసుకుపోయేదని, ఏది నొక్కు ఏది వణుకు తెలియడం లేదని డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కాసులమ్మకు మాత్రం తెలిసేది.

"మావా, ఇంటన్నావా? అవునయితే ఒకపాలి నొక్కు. కాదంటే రెండుపాలు."

ఆమె కళ్ళు మూసుకుని చూసింది. "ఒకటి," అంది వైదేహికి వినపడేలా.

"పాత పెట్టె గావాలా?"

చాలాసేపు ఏమీ లేదు. తరువాత కాసులమ్మ కళ్ళు తెరిచింది. "రెండు."

వైదేహి ఉలిక్కిపడింది. "సరిగ్గా చూశావా పిన్నీ?"

"సూసినాను. కొత్తది గావాలా మావా?... ఒకటి." ఆమె తల ఎత్తి వైదేహిని చూసింది. గెలిచిన మనిషి చూపు అది. ఇన్నాళ్ళ పోరాటం, ఆ రెండు కిటికీలు, ఎర్ర అక్షరాలతో కుస్తీ, అంతా ఈయన అడగని సాయమా? బ్యాగు సర్దుకోవడానికి వైదేహి లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసింది.

కాసులమ్మ మాత్రం చెయ్యి వదలలేదు. ఆమెకే ఏదో తేలలేదు.

"మావా... ఈ వారం ఆ పెట్టి సెప్పినయ్యి, నువ్వన్న మాటలేనా?"

ఎల్లాజీ కళ్ళు పక్కకి తిరిగాయి.

"రెండు," అంది కాసులమ్మ. ఆ మాట చాలా మెల్లిగా వచ్చింది.

"నువ్వన్నయ్యి కావని నీకు తెలుసు. అయినా అదే గావాలంటావేటి? ఎందుకు?"

బొటనవేలు ఎందుకు అన్నదానికి జవాబు చెప్పలేదు. ఆ సంగతి గుర్తొచ్చి, ఆమె ప్రశ్న మార్చుకుందామని ఆలోచించింది. ఇందాక తాను అన్న మాటలన్నీ అతను విన్నాడు. ఆలోచిస్తూ ఉండగానే ఆమె చెయ్యి తనకు తెలియకుండా తలలోని పూల మీదికి వెళ్ళింది.

"నాకోసమా?"

ఒక నొక్కు. ఈసారి బొటనవేలు పైకి లేవలేదు. ఆమె అరచేతిలో అలాగే నొక్కుకుని ఉండిపోయింది.

చాలాసేపటి తరువాత కాసులమ్మ ముక్కు చీదుకుని, "ఆపరేషను?" అని ఒక్క మాట అడిగింది. రెండు నొక్కులు వచ్చాయి. రెండోదానికి చెయ్యి బిగుసుకుపోయింది. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పదీసి, రుద్ది, అతని పక్కన పెట్టింది.

"పాతదే ఎట్టు పాపా," అంది.

"బాబాయి కొత్తది కావాలన్నారు కదా పిన్నీ. సార్ కూడా ఆయన మాటే ఉంచుతామన్నారు."

"ఆడు నాకిచ్చినాడు. నాకొద్దని నాను సెప్తన్నాను. ఆడి నోట్లోంచి ఏటొస్తాదో అదే ఇంటాను. తిడితే తిట్టనీ."

వైదేహి వైరు మళ్ళీ లాప్‌టాప్‌కు తగిలించింది. వేదిక నాలుగు లేచింది, స్క్రీన్ మీద గీతలు కదలడం మొదలుపెట్టాయి. కాసులమ్మ పెట్టె మీదికి వంగి, "ఏటి గావాల మావా?" అంది.

ఇద్దరూ ఎదురుచూశారు. ఒక మాట మొదలై ఆగిపోయింది. వారం రోజులుగా అతను మాటను చివరిదాకా మోయడం మర్చిపోయాడు. మళ్ళీ మొదలైంది.

"ఒలే... ఎండ... కంట్లో... పడతంది... ఇన్నాళ్ళ... నుండీ... సూడవేటి."

మంచం పడమటి కిటికీకి ఎదురుగా ఉంది. మధ్యాహ్నం దాటితే ఎండ సూటిగా దిండు మీద పడుతుంది. ఎల్లాజీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఓరగా నీళ్ళు కారి చారలు కట్టాయి. ఎలాగుంది మావా అని ఆమె రోజూ అదే వేళకు అడిగింది. చాలా బాగుందండి అని పెట్టె రోజూ చెప్పింది.

కాసులమ్మ లేచి, దండెం మీది చీర లాగి, కిటికీకి అడ్డంగా కట్టింది. ముడి పడడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఆ తరువాత కూడా ఇటు తిరగకుండా కిటికీ వైపే నిలబడి ఉంది. ఆమె భుజాలు కదలడం వైదేహికి కనిపించింది.

"ఇప్పుడు బాగున్నాదా?" అంది అటు తిరిగే.

"ఆఁ," అంది పెట్టె.

ఎల్లాజీ ఆపరేషన్ రద్దయింది. నెట్టు తగలని ఆ లాప్‌టాప్‌ను అతని మంచం కింద ఉంచడానికి చక్రపాణి ఒప్పుకున్నాడు. అది చెడిపోతే బాగుచేసే దిక్కు ఉండదని, దానికి వైదేహిదే పూచీ అని గట్టిగా చెప్పాడు. ఆమె సరేనంది. అసలు తగువు అక్కడితో ఆగలేదు.

"మిగతావాళ్ళ సంగతేమిటి సార్?"

"మిగతావాళ్ళలో ఎవరు వద్దన్నారు?"

"వద్దనడానికి వాళ్ళకు నోరెక్కడిది? వాళ్ళ నోరే అది!"

చక్రపాణి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన ముఖంలో అలసట కనిపించింది. "నాకూ భయంగానే ఉంది వైదేహీ. దాచుకోను. అయితే అందరి అభిప్రాయాలూ అడిగించాను. ప్రతి పేషెంటూ తన పలుకుతోనే జవాబు చెప్పాడు. ఒక్కరు కూడా బాగా లేదనలేదు. బాధ లేదంటున్న మనిషికి నేను ఏ మందు ఇవ్వను? నాలుగుకు సర్వర్ లేదు, ఇంటింటికీ లాప్‌టాప్ పెట్టలేం. పైవాళ్ళ ముందు ఒక బొటనవేలు చూపించి మాట్లాడమంటావా?"

ఆమె ఆయన అందించిన అభిప్రాయాల కాగితాలను చూసింది. గాజువాక నుంచి, మధురవాడ నుంచి, అనకాపల్లి నుంచి, తీరు వేరైన మనుషులందరూ ఒకే చేత్తో రాసినట్టు ఉన్నాయి. చాలా సంతృప్తిగా ఉందండి. మీ సేవలకు ధన్యవాదాలు. కాగితాలు ఆయన బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది.

వరండాలో నిలబడి ఆమె ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. కాసేపు పెట్టె ఆపి, రెప్పలతోనో వేలితోనో అడిగి చూడండి అని బతిమాలింది. కొందరు చూస్తామన్నారు. చూడరని ఆ గొంతుల్లోనే తెలిసిపోయింది. ఒకాయన, మా ఇంట్లో ఇప్పుడిప్పుడే నవ్వులు వినిపిస్తున్నాయి, మీరు దయచేసి కలగజేసుకోకండి అని పెట్టేశాడు. ఆయన్ను తప్పుపట్టలేక ఆమె ఇంకో నంబరు వెతికింది.

తరువాతి ఫోన్ గోపాలపట్నంలో ఒక రిటైరైన లెక్కల పంతులమ్మ ఇంటికి. ఆవిడ కొడుకు ఎత్తాడు.

"ఎందుకండీ ఆపడం?" అన్నాడు అతను ఆశ్చర్యంగా. "మా అమ్మ ఇదివరకటి కన్నా బాగా మాట్లాడుతోంది. వచ్చినవాళ్ళందరినీ పలకరిస్తోంది. అసలు ఎవరినీ ఇంట్లోకి రానిచ్చేది కాదు, చిరాకుపడేది."

వైదేహి మాట అందుకునేలోపల, అతని వెనక నుంచి ఒక ఆడగొంతు గలగలా వినిపించింది.

"ఎవరు నాన్నా వచ్చింది? లోపలికి రమ్మను. కాఫీ తాగి వెళ్దురుగాని."

"ఫోనమ్మా, ఫోను! ఎవరూ రాలేదు," అని కొడుకు నవ్వాడు.

వైదేహి అప్పటికే మెట్లు దిగుతోంది. చేతిలో స్కూటీ తాళాలు ఉన్నాయి.

"వస్తున్నానని చెప్పండి," అంది.